తలుపు దగ్గరి బోర్డు, నుదుటి మీది టికా

హైదరాబాద్‌లో నర్సుగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, సంఘం వివరాలు బయటికి రాకూడదని కోరారు కనుక వాటిని పక్కన పెట్టి, సంగతిని మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 32 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో ముత్తాత కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. తండ్రి లేరు. తల్లి ఊళ్లోనే ఉంటూ సంఘంలో స్త్రీల సమాజం పనులు చూసుకుంటారు. ఆసుపత్రిలో తనతో పనిచేసే నేపాలీ అమ్మాయి పిలిస్తే, మొన్న వేసవిలో మరో ఇద్దరు తెలుగు నర్సులతో కలిసి ఖాట్మండు వెళ్లి, వాళ్లింట్లోనే నాలుగు రోజులున్నారు. ఆ ఇంట్లో 80 దాటిన నాయనమ్మకు కాలి మీద మానని పుండు ఉంటే, ఉన్నన్ని రోజులూ ఈమే కట్టు మార్చారు. దాంతో ఆ పెద్దావిడకు ఈమె సొంత మనవరాలైపోయింది. మూడో రోజు ముగ్గురూ పశుపతినాథ ఆలయానికి వెళ్లారు. హిందువులకు మాత్రమే ప్రవేశమన్న బోర్డు చూసి ఈమె ఆగిపోతే, "మన మొహాలు చూసి ఎవరడుగుతారు, రా" అంటూ తోటివాళ్లు చెయ్యి పట్టి లాక్కెళ్లారు. నిజంగానే ఎవరూ అడగలేదు. లోపల అందరితో పాటు ఈమె నుదుటా చందనం పెట్టారు, చేతిలో ప్రసాదం వేశారు. బయటికి వచ్చాక దిగిన ఫొటో ఒకరి వాట్సాప్ స్టేటస్‌లోకి, అక్కడి నుంచి ఊళ్లోకి చేరింది. తల్లి మూడు రోజులు ఉపవాసముండి ఏడ్చారు. సంఘం ముందు నిలబడి ఒప్పుకునేదాకా, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లకు రావద్దని పాస్టరుగారు చెప్పారు. ఇంతలో నేపాల్ నుంచి నాయనమ్మ కబురు: "దశైంకు రా, నా చేత్తో టికా పెడతాను, వచ్చే ఏటికి నేను ఉంటానో లేదో." దశైం అంటే వాళ్ల దసరా, టికా అంటే ఆ పండుగకు పెద్దలు చిన్నవాళ్ల నుదుట పెట్టే బొట్టు. ఆ కబురు పాస్టరుగారికి చెబితే, వెళ్లక తప్పదనుకుంటే నేపాలీ భాషలో అచ్చేసిన సువార్త కరపత్రాలు పట్టుకెళ్లి పంచి రమ్మని, అప్పుడు జరిగినదానికి అదే సరిపోతుందని అన్నారు.

ఆమె అడిగినవి నాలుగు. నేను చేసింది విగ్రహారాధనేనా? మళ్లీ వెళ్లవచ్చా? వెళితే టికా పెట్టించుకోవాలా? అమ్మ ముఖం ఎలా చూడాలి?

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. నేను కూడా ఆదివారం ఉదయం చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టి పెరిగినదాన్నే, పశుపతి ఆలయం పక్కన పారే బాగ్మతి ఒడ్డున నిలబడినదాన్నే. అందువల్ల మీ కలత నాకు కొత్తది కాదు. ముందు ఒక పని చేద్దాం. ఆ రోజు జరిగిన వాటిని మీరు ఒకే ముద్దగా చూస్తున్నారు, మీ సంఘమూ అలాగే చూస్తోంది. వాటిని విడదీస్తే మూడు వేరు వేరు సంగతులు కనిపిస్తాయి. ఒక ఆలయ ప్రాంగణంలో అడుగు పెట్టడం మొదటిది. రావద్దని బోర్డు చెబుతున్న చోట ఊరకుండి లోపలికి పోవడం రెండోది. చందనాన్నీ ప్రసాదాన్నీ స్వీకరించడం మూడోది.

మొదటిదాని గురించి ఎక్కువ చెప్పను. పౌలు ఏథెన్సులో ఊరంతా తిరిగి బలిపీఠాలను చూశాడని అపొస్తలుల కార్యముల 17వ అధ్యాయంలో ఉంది. చూశాడు గనుకనే వాళ్లతో మాట్లాడగలిగాడు. కట్టడాన్ని చూడటం, దానిలోని పనితనానికి ఆశ్చర్యపోవడం ఎవరి విశ్వాసాన్నీ తీసివేయవు.

మూడోది మీ సంఘాన్ని బాధించినది. దాని మీద వాళ్ల మాటకు వాక్య ఆధారం లేకపోలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయం విగ్రహం వట్టిదేనంటుంది. 10వ అధ్యాయం మాత్రం ప్రభు బల్లలోనూ మరొక బల్లలోనూ కలిసి పాలుపొందడం కుదరదంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు అర్థమయ్యేది ఏమిటంటే, మనిషి ఏ ఉద్దేశంతో చెయ్యి చాచాడన్నది ముఖ్యం, చూసినవాళ్లకు అది ఏమని అర్థమైందన్నదీ అంతే ముఖ్యం. మీరు మొక్కుకోలేదనీ, చెయ్యి చాచమంటే చాచాననీ రాశారు. నేను నమ్ముతున్నాను. కానీ ఫొటో చూసిన మీ అమ్మగారికి మీ మనసు కనిపించదు, నుదురు మాత్రమే కనిపిస్తుంది. మన తెలుగు ప్రాంతంలో నుదురు ఎంత పెద్ద మాట చెబుతుందో మీకు తెలియనిది కాదు. ఊళ్లో క్రైస్తవ స్త్రీని దూరం నుంచి గుర్తుపట్టేది బొట్టు లేని నుదుటితోనే. మీ ముత్తవ్వ బహుశా ఆ బొట్టు తీసేసిన రోజునే తన ఇంటికీ బంధువులకూ పరాయిదై ఉంటుంది. అటువంటి ఇంట్లో పుట్టిన మీ నుదుట చందనం కనబడితే మీ అమ్మగారు నాలుగు తరాల మాట చెదిరిందనుకున్నారు. ఆ ఏడుపును మూఢత్వమని తీసిపారేయకండి.

ఇక రెండో సంగతి. ఏడు పేజీల ఉత్తరంలో దీనికి మీరిచ్చింది రెండు వాక్యాలే. నాకు మాత్రం ఎక్కువ బరువు ఇక్కడే ఉన్నట్లు తోచింది. ఆ బోర్డు పెట్టినవాళ్లకు అది వాళ్ల ఆరాధన స్థలం. బంగారు పూత పైకప్పు, పడమటి వాకిట పెద్ద నంది, లోపల నాలుగు ముఖాల శివలింగం, తరతరాలుగా దక్షిణ భారతం నుంచి వెళ్లిన భట్ట అర్చకుల సేవ, ఇవన్నీ వాళ్లు ప్రాణంగా కాపాడుకుంటున్నవి. వేరే మతస్థులను ప్రధానాలయంలోకి రానివ్వకపోవడం సరా కాదా అన్న చర్చ వేరు. తిరుమలలోనైతే అన్యమతస్థులు డిక్లరేషన్ ఇచ్చి దర్శనానికి వెళ్లే పద్ధతి ఉంది. పశుపతిలో ఆ దారి లేదు. మీ రూపాన్ని చూసి కాపలావాళ్లు మిమ్మల్ని హిందువనుకున్నారు, మీరు కాదనలేదు. మాట్లాడకపోయినా అక్కడ ఒక అబద్ధం జరిగింది. అదే ద్వారం దగ్గర తెల్లతోలు యాత్రికుడు ఆగిపోతాడు, మన రంగు మనల్ని లోపలికి పంపుతుంది. ఇది మన భారతీయ క్రైస్తవులకు ఎదురయ్యే శోధన. మీ మనసు తొలిచేస్తున్నది విగ్రహారాధన చేశానన్న భయమేనా, లేక ఆ బోర్డు ముందు మీరు ఆగిన ఆ అర నిమిషమా అన్నది ఒంటరిగా కూర్చుని ఆలోచించుకోండి. రెండోదే అయితే మీ ఒప్పుకోలు మారుతుంది. "నేను వేరే దేవుడికి మొక్కాను" అని మీరు చేయనిదాన్ని ఒప్పుకోనక్కర్లేదు. "నేను కానిదాన్నని అనుకోనిచ్చాను, అది వాళ్ల పట్లా తప్పే, మీ పట్లా తప్పే" అన్నది నిజమైన మాట.

ఈ మాటను ఎక్కడ చెప్పాలి? ముందుగా పాస్టరుగారి దగ్గర, వీలైతే మీ అమ్మగారు నమ్మే ఒక స్త్రీల సమాజం పెద్దను పక్కన ఉంచుకుని, విడిగా చెప్పవచ్చు. అలా చేస్తే విషయం నలుగురి మధ్యే ఉంటుంది గానీ, ఊళ్లో ఫొటో చూసినవాళ్లకు జవాబు దొరకదు, గుసగుసలు కొన్నాళ్లు సాగుతాయి. సంఘం ముందు నిలబడి చెప్పవచ్చు. అప్పుడు బల్లకు దారి తొందరగా తెరుచుకుంటుంది, కానీ నలుగురూ వినాలనుకునే మాట మీ నోట పలికించే ఒత్తిడి కూడా ఉంటుంది. ఆ దారి ఎంచుకుంటే చెప్పదలచుకున్నది ముందే కాగితం మీద రాసుకుని పాస్టరుగారికి చూపించండి, దానికి మించి ఒక్క మాటా కలపకండి. హైదరాబాద్‌లో మరో సంఘానికి మారిపోవడం మూడో దారి. మీకు హాయిగా ఉంటుంది. అయితే ఆ ఊళ్లో, ఆ సంఘంలోనే ప్రతి ఆదివారం కూర్చోవలసిన మీ అమ్మగారు ఒంటరివారవుతారు. ఈ ఒక్క కారణంగా నాకు ఆ దారి నచ్చలేదు, నిర్ణయం మాత్రం మీదే.

మీ తల్లిగారి విషయం ఇక్కడే చెబుతాను. మీ ఉత్తరం ఐదో పేజీలో ఒక చిన్న సంగతి ఉంది. చిన్నప్పుడు సంక్రాంతికి పక్కింటి పిన్నిగారు మూకుట్లోంచి తీసిన మొదటి వాయి అరిసెలను దేవుడి దగ్గర పెట్టకముందే మీ ఇంటికని విడిగా ఒక గిన్నెలో వేసి, పైన విస్తరాకు కప్పి, పెరటి గోడ మీదుగా అందించేవారని రాశారు. క్రిస్మస్‌కు మీ అమ్మగారు వాళ్లకు పంపే పలావులో మాంసం వేసేవారు కాదని కూడా రాశారు. మీరడిగిన ప్రశ్నకు జవాబు ఆ పెరటి గోడ మీదే ఉంది. ఇద్దరూ మతాన్ని వదులుకోలేదు, దాచుకోనూ లేదు. అవతలివారికి ఏది కుదరదో ముందే తెలుసుకుని, దానికి తగ్గట్టు గిన్నె సర్దారు. అమ్మ దగ్గర కూర్చుని ఫొటో గురించి కాకుండా ఆ అరిసెల గిన్నె గురించి మాట మొదలుపెట్టండి. ఆమెను నొప్పించింది మీరు గుడికి వెళ్లడం ఒక్కటే కాదనీ, ఆ సంగతి మీ నోట కాక ఊరి నోట వినవలసి రావడం కూడాననీ నాకనిపిస్తోంది.

ఇప్పుడు దశైం. మనం దసరా అనేదే అది, కానీ నేపాల్‌లో దాని తీరు వేరు. పండుగ మొదటి రోజైన ఘటస్థాపన నాడు పూజ గదిలో ఇసుక, మట్టి పరిచి బార్లీ గింజలు చల్లుతారు. ఎండ తగలనివ్వకుండా పెంచుతారు కాబట్టి పదో రోజుకు ఆ మొలకలు ఆకుపచ్చగా కాక లేత పసుపు రంగులో, జానెడు పొడుగున వస్తాయి. వాటిని జమరా అంటారు. దశమి నాడు ఇత్తడి పళ్లెంలో బియ్యం, పెరుగు, ఎర్ర రంగు కలిపి ముద్ద చేస్తారు. ఇంటి పెద్ద దాన్ని వేళ్లతో తీసి చిన్నవాళ్ల నుదుటి నిండా అద్ది, జమరాను తలలోనో చెవి మీదో ఉంచి, ఆశీర్వాద మంత్రం చదివి, చేతిలో దక్షిణ పెడతారు. ఆ వరస పున్నమి దాకా సాగుతుంది. ఊళ్లు దాటి బంధువులు వస్తారు, ఏడాది పాటు మాటల్లేనివాళ్లు కూడా ఆ రోజు తల వంచుతారు.

ఆ టికా పెద్దల దీవెన మాత్రమేనని కొందరంటారు, మీ స్నేహితురాలూ అలాగే చెప్పిందని రాశారు. అందులో నిజముంది. కానీ ఆ జమరా తొమ్మిది రోజులు పెరిగింది దుర్గ ముందు, ఆ ముద్ద చాలా ఇళ్లలో భగవతి ప్రసాదం. అందుకే నేపాలీ క్రైస్తవుల్లో చాలామంది టికా పెట్టించుకోరు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో క్రైస్తవులు 1.76 శాతం, హిందువులు 81.19 శాతం. ఆ కొద్దిమందిలోనూ చాలామంది తమ తరంలోనే విశ్వాసంలోకి వచ్చినవాళ్లు. అంటే కన్నతల్లి పట్టుకున్న పళ్లెం ముందు తల వంచలేని రోజు వాళ్లకు ఏటా వస్తుంది. టికా వద్దనేది వాళ్లొక్కరే కూడా కాదు. దశైం తమ మీద రుద్దిన పండుగ అంటూ 1990ల నుంచి కిరాతి తదితర ఆదివాసీ జాతుల్లో కొందరు దాన్ని బహిష్కరిస్తున్నారు. తల్లిదండ్రులు పోయిన ఏడాది మైలలో ఉన్నవాళ్లూ పెట్టించుకోరు. కాబట్టి బోసి నుదురు అక్కడ ఎవరూ ఎరగని వింతేమీ కాదు. అయితే పండుగ పూట అది చావును గుర్తుచేసే బోసితనం కూడా. మీరు ఏమీ చెప్పకుండా తప్పుకుంటే ఆ ముసలావిడకు తగిలేది అదే.

వెళ్లకుండా ఉండిపోవచ్చు. సంఘంలో గొడవ పెరగదు, అమ్మ కుదుటపడతారు. కానీ "వచ్చే ఏటికి ఉంటానో లేదో" అన్న మనిషికి సెలవు దొరకలేదని అబద్ధం చెప్పవలసి వస్తుంది. గుడి దగ్గర చేసిన పొరపాటే మరో రూపంలో మళ్లీ చేసినట్లవుతుంది. మానేయదలచుకుంటే అసలు కారణమే చెప్పి మానండి. వెళ్లి టికా పెట్టించుకోవచ్చు, దాన్ని దీవెనగానే భావించవచ్చు. ఆ తీర్మానానికి మీ మనస్సాక్షి నిజంగా ఒప్పుకుంటే నేను మిమ్మల్ని తప్పుపట్టను. అయితే వెళ్లే ముందే అమ్మకు చెప్పాలి, ఆమె రెండోసారి పడే బాధకు సిద్ధంగా ఉండాలి. చెప్పకుండా పెట్టించుకుని, ఫొటో రాకుండా జాగ్రత్తపడదామన్న ఆలోచన మాత్రం మిమ్మల్ని లోపల్నుంచి తినేస్తుంది.

పండుగకు వెళ్లి, అన్నిటిలో కలిసి, టికా ఒక్కటి వద్దనడం ఇంకో దారి. రాజుల రెండో గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను కథ మీకు తెలుసు. యజమాని తన చేతి మీద ఆనుకుని రిమ్మోను గుడిలో వంగినప్పుడు తానూ వంగవలసి వస్తుందని అతడు ఎలీషాతో ముందే చెప్పుకున్నాడు, ప్రవక్త అతణ్ని నెమ్మదిగా వెళ్లమన్నాడు. ఈ కథను చూపించి అన్నిటికీ అనుమతి ఉందనేవాళ్లున్నారు. నేను అంత దూరం పోను, నయమానుకున్న నిర్బంధం మీకు లేదు. నాకు ముఖ్యమనిపించేది అతడు ముందే, అడగకుండానే చెప్పడం. మీరూ అలాగే మీ స్నేహితురాలితో ముందే మాట్లాడి, నాయనమ్మకు ఆమె చేతనే చెప్పించండి: "ఈ అమ్మాయి క్రైస్తవురాలు, వాళ్లింట్లో బొట్టు పెట్టుకోరు, మీ చెయ్యి తన తల మీద పెట్టించుకోవడానికే ఇంత దూరం వస్తోంది." అప్పుడు ఆమె నొచ్చుకోవచ్చు. ఆ ఇంట్లో మామయ్యలో పిన్నులో మూతి ముడుచుకోవచ్చు. నేపాల్‌లో క్రైస్తవమంటే మతం మార్చేవాళ్లన్న అనుమానం ఉండనే ఉంది. కానీ తన పుండుకు కట్టు కట్టిన చేతులను ఆ పెద్దావిడ అంత తేలిగ్గా మరచిపోతుందని నేననుకోను.

భోజనం సంగతి విడిగా ఆలోచించాలి. అష్టమి, నవమి నాడు చాలా ఇళ్లలో, ఆలయాల్లో మేకలను బలి ఇస్తారు, ఆ మాంసమే వంటకు వస్తుంది. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టినది విచారణ లేకుండా తినమనీ, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే చెప్పినవాని కోసం తినవద్దనీ పౌలు రాశాడు. మీ స్నేహితురాలికి మాట చెబితే ఆమె వంటింట్లోనే మీకు అన్నం, పప్పు, కూర విడిగా తీసి పెడుతుంది. విస్తరాకు కప్పిన గిన్నె లాంటిదే. సెల్ రోటీ మాత్రం తప్పకుండా తినండి, బియ్యప్పిండితో గాజులా చుట్టి నూనెలో వేయించే ఆ తీపి రొట్టె మీ ఊరి అరిసెలను గుర్తుచేస్తుంది. వాళ్లు జుఠో అనేది మన ఎంగిలే. ఆ పట్టింపు అక్కడ మరీ ఎక్కువ కనుక, పిలవకుండా పొయ్యి దగ్గరికి పోకండి.

కరపత్రాల విషయంలో దారులు చూపించను, వద్దనే చెబుతున్నాను. 2015 రాజ్యాంగం నేపాల్‌ను లౌకిక రాజ్యమంటూనే 26వ అధికరణంలో ఇతరుల మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన నేరస్మృతి 158వ సెక్షన్ దానికి ఐదేళ్ల వరకు జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకు జరిమానా పెట్టింది, విదేశీయులైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపేస్తారు. మీరు పట్టుబడితే మీకు అన్నం పెట్టిన ఇంటికి పోలీసులు వస్తారు, అక్కడి సంఘాల మీద నిఘా పెరుగుతుంది. ఇవన్నీ లేకపోయినా, ప్రేమతో పిలిచినవాళ్ల గుమ్మంలోకి సంచిలో మరో ఉద్దేశం దాచుకుని వెళ్లడం నాకు సమ్మతం కాదు. ఈ మాట పాస్టరుగారికి గౌరవంగా, చట్టం వివరాలతో సహా చెప్పండి. బహుశా ఆయనకు ఆ సంగతి తెలియదు.

మీరు వెళ్లేటట్లయితే ఒక శనివారం ఖాళీ ఉంచుకోండి. అక్కడ వారం సెలవు శనివారం, సంఘాలు ఆరాధనకు కూడేది ఆ రోజే. 2015 ఏప్రిల్ 25న పెద్ద భూకంపం వచ్చిన రోజూ శనివారమే, ఆరాధన మధ్యలో కప్పులు కూలి చనిపోయినవాళ్లున్నారు. చెప్పులు బయట విడిచి నేల మీద కూర్చునే ఆ ఆరాధనలో ఎవరైనా "జయ్ మసీహ్" అని పలకరిస్తే, దశైం పది రోజులూ ఇంట్లోవాళ్లతో ఎలా నెట్టుకొస్తారని అడగండి. నాకంటే మంచి జవాబు వాళ్ల దగ్గర ఉంటుంది.

గుడులు చూడాలన్న మీ కోరికను చంపుకోకండి. భక్తపూర్‌లో 1702లో కట్టిన ఐదంతస్తుల న్యాతపోల గర్భగుడిలోకి పూజారులు తప్ప హిందువులూ పోరు. మెట్ల మీద మాత్రం ఎవరైనా కూర్చోవచ్చు, మల్లులు, ఏనుగులు, సింహాలు జంటలుగా కాపలా కాసే ఆ మెట్లు 1934, 2015 భూకంపాలను తట్టుకున్నాయి. చాంగు నారాయణ ఆలయ ప్రాంగణంలో క్రీ.శ. 464 నాటి మానదేవ రాజు శాసనం ఉంది. పశుపతికి మళ్లీ వెళ్లాలనిపిస్తే ఈసారి బాగ్మతి తూర్పు గట్టుకు వెళ్లండి, అక్కడ ఎవరైనా నిలబడవచ్చు. ఎదుటి దహన ఘట్టం ఆర్యఘాట్‌లో వాలు రాతి పలక మీద శవాన్ని పడుకోబెట్టి పాదాలను నీటికి తాకిస్తారు. తెల్లబట్ట కట్టుకుని గుండు చేయించుకున్న కొడుకు వంగి నీళ్లు చల్లడం నేను చూశాను. ఫోను సంచిలోనే ఉంచి, మీకు తెలిసిన ప్రార్థన మీలో మీరు చేసుకోవచ్చు. అక్కడ మీరెవరో దాచవలసిన పని లేదు.

బార్లీ చల్లేది ఘటస్థాపన నాడు. మీ స్నేహితురాలితో ఆ మాట ఆలోగా జరగాలి. పళ్లెం మీ ముందుకు వచ్చిన తర్వాత మొదలుపెడితే ఎవరికీ ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. వెళ్లడమే ఖాయమైతే, నాయనమ్మ కాలికి కావలసిన దూది, కట్టు గుడ్డ, మందు ఇక్కడి నుంచే సరిపడా తీసుకెళ్లండి.